తుపాకీ పేలినప్పుడు కెమెరా ఎటు చూస్తోంది?

(ఒక ఫిల్మ్ సొసైటీ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. సభికుల ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకొచ్చి కూర్చుంటే నేను గొంతు చించుకోనక్కర్లేదు. ఆ, వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నోటీసులో ‘పాత గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో నాకు నచ్చిన హింస’ అని వేశారు. అది చూసి మా ఇంట్లో, "నచ్చిన కూర లాగా నచ్చిన హింస ఏంటండీ, వయసొచ్చాక" అన్నారు. (నవ్వులు) ఏం చెప్పను? నచ్చిన మాట నిజమే. బయట రోడ్డు మీద ఎవరైనా చొక్కా పట్టుకుని కొట్టుకుంటుంటే నేను పక్క సందులోంచి వెళ్లిపోయే రకం. అదే సినిమాలో అయితే వెనక్కి తిప్పుకుని మళ్లీ చూస్తాను. ఎందుకు చూస్తానన్నదే ఇవాళ్టి నా గొడవ.

1932లో వచ్చిన ‘స్కార్‌ఫేస్’తో మొదలుపెడతాను. 1983లో పచినో వేసింది కాదు, దానికి తాత. హోవర్డ్ హాక్స్ తీశాడు. డబ్బు పెట్టింది హోవర్డ్ హ్యూస్, ఆ విమానాల హ్యూసే. షికాగో సారా గ్యాంగుల కథ. పాల్ మునీ వేసిన టోనీ పాత్రకి అప్పటి షికాగో గ్యాంగు నాయకుడు అల్ కపోన్ పోలికలు కావాలనే పెట్టారు. టోనీకి గాఫ్నీ అని ఒక పగవాడు ఉంటాడు. ఆ వేషం బోరిస్ కార్లాఫ్‌ది. అంతకు ముందు ఏడాదే ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలో భూతంగా జనాన్ని హడలగొట్టిన మనిషి.

గాఫ్నీ బౌలింగ్ ఆడుకుంటూ ఉంటాడు, క్రికెట్‌ది కాదు, బంతి దొర్లించి పిన్నుల్ని పడగొట్టే ఆట. స్కోరు కాగితం మీద స్ట్రైక్‌కి, అంటే ఒక్క బంతికే పిన్నులన్నీ పడితే, ఇంటూ మార్కు పడుతుంది. మీరు గమనించారో లేదో, ఆ సినిమాలో ఎవడు చావబోతున్నా ఫ్రేములో ఎక్కడో ఒకచోట ఇంటూ మార్కు కనిపిస్తుంది. దూలాల్లోనో, నీడల్లోనో, చివరికి ఈ స్కోరు కాగితంలోనో. గాఫ్నీ వంగి బంతి వదులుతాడు. టామీ గన్, అంటే చేతి మెషీన్ గన్, మోగుతుంది. కెమెరా బంతి వెంటే పోతుంది. పిన్నులన్నీ పడిపోతాయి, ఒక్కటి మాత్రం గిరగిరా తిరుగుతూ, ఉండాలా పడాలా అని తూగుతూ తూగుతూ చివరికి పడుతుంది. మనిషి పోయాడన్న వార్త మనకి ఆ పిన్నే చెబుతుంది.

ఆ పిన్ను తూగినంతసేపూ నేను ఊపిరి బిగపడతాను. ఎన్నోసారి చూస్తున్నా సరే. అందుకే ఇలాంటి సీను ఏది చూసినా నేను ఒక్కటే చూస్తాను: తుపాకీ పేలిన క్షణంలో కెమెరా దేని మీద ఉంది? రక్తం ఎంత పోశారు, మేకప్ ఎంత బాగా చేశారు, అవన్నీ తర్వాతి సంగతి.

ఇదంతా కళ కోసమే చేశారని అనుకోకండి. సెన్సార్ టెన్షన్ కూడా ఉంది. హాలీవుడ్ తనకి తాను రాసుకున్న ప్రొడక్షన్ కోడ్ 1930 నాటిది. హత్య చేసే పద్ధతి చూసి ఎవడూ నేర్చుకునేలా ఉండకూడదు, క్రూరమైన చావులు వివరంగా చూపకూడదు అని అందులో ఉంది. మొదట్లో దాన్ని పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1934లో దాన్ని అమలు చేసే కుర్చీలో జోసెఫ్ బ్రీన్ కూర్చున్నాకే బిగించారు. అయినా ‘స్కార్‌ఫేస్’కి తిప్పలు తప్పలేదు. పేరు కింద ‘జాతికి సిగ్గుచేటు’ అనే అర్థం వచ్చే తోక తగిలించమన్నారు. హీరో వీధిలో పోరాడి చస్తే ఒప్పుకోం, చట్టం ఉరి తీయాలి అన్నారు. సరే అని అలాంటి ముగింపు కూడా ఒకటి తీశారు. తమాషా ఏంటంటే అందులో హాక్స్ లేడు, పాల్ మునీ కూడా లేడు. అందుకని జడ్జి కెమెరా వైపు తిరిగి మనకే శిక్ష చదివి వినిపిస్తాడు. ముద్దాయి మొహమే కనబడదు! ఎవరిని ఉరి తీస్తున్నారో తెలియని ఉరి. (నవ్వులు) కెమెరా ఎటు చూడాలో సెన్సార్ వాళ్లు నిర్ణయిస్తే అలా తయారవుతుంది.

అదే సినిమాలో 1929 ఫిబ్రవరి 14 నాటి షికాగో గ్యారేజీ హత్యాకాండని కూడా వాడుకున్నారు. వాస్తవంలో 7గురిని గోడకి నిలబెట్టి కాల్చారు, వచ్చినవాళ్లలో ఇద్దరు పోలీసు బట్టల్లో ఉన్నారు. సినిమాలో మనకి దొరికేది గోడ మీద వరసగా నిలబడ్డ నీడలు, అంతే.

ఇక దీనికి ఏడాది ముందు, 1931లో, ‘ది పబ్లిక్ ఎనిమీ’. దర్శకుడు విలియం వెల్మన్, హీరో జేమ్స్ కాగ్నీ. ఈ సినిమా అనగానే అందరూ ద్రాక్షపండు... కాదు, పంపర పనస లాంటి పండు, గ్రేప్‌ఫ్రూట్, దాన్ని ఆడమనిషి మొహాన నొక్కే సీను చెబుతారు. ఆ సంగతి తర్వాత. నాకు కావలసింది పియానో సీను.

కాగ్నీ వేసిన టామ్, వాడి స్నేహితుడు మ్యాట్, ఇద్దరూ చిన్నప్పుడు పుట్టీ నోస్ అనేవాడి దగ్గర దొంగతనాలు నేర్చుకుంటారు. వాడు పియానో వాయిస్తూ పిల్లలకి బూతు పాటలు పాడి వినిపించేవాడు. అవసరం పడ్డప్పుడు వీళ్లని నడిరోడ్డు మీద వదిలేసి పారిపోతాడు. ఏళ్ల తర్వాత వీళ్లకి దొరుకుతాడు. ఇంటి దాకా వెంబడించి లోపలికి వస్తారు. వాడు కాళ్లావేళ్లా పడతాడు. చిన్నప్పుడు మీకెంత ఇష్టమో గుర్తులేదా అని పియానో ముందు కూర్చుని అదే పాట ఎత్తుకుంటాడు. వెనక నిలబడ్డ టామ్ చెయ్యి కోటులోకి పోతుంది.

అప్పుడు కెమెరా మెల్లగా పక్కకి తిరుగుతుంది. టామ్‌నీ, పియానోనీ వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డ మ్యాట్ మొహం దగ్గర ఆగుతుంది. పాట నడుస్తూనే ఉంది. తూటాలు పేలతాయి. పాట మధ్యలో తెగిపోయి, పియానో మెట్ల మీద బరువు పడ్డట్టు మోత వస్తుంది. మ్యాట్ కళ్లు మాత్రం మనకి కనిపిస్తాయి. తర్వాత టామ్ ఫ్రేములోకి నడిచి వస్తాడు. వస్తూ ఏమంటాడు? ఫలానా అమ్మాయికి ఫోన్ చేస్తాను, ఈపాటికి ఇంటికొచ్చి ఉంటుంది అంటాడు. అంతే. తలుపు తీసుకుని పోతాడు.

దీన్ని రెండు మూడు సార్లు చూడండి. మ్యాట్ కూడా రౌడీయే. వాడేమీ ఆపడు, అడ్డుపడడు. కానీ వాడికి ఇది కొంచెం ఎక్కువే అనిపిస్తోందని ఆ మొహంలో తెలిసిపోతుంది. తన పక్కవాడు ఎలాంటివాడో అప్పుడే తెలిసినవాడి మొహం. వెల్మన్ మనల్ని వాడి పక్కన నిలబెట్టాడు.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకి పోతాను. ఇదే సినిమాలో వీధిలో మెషీన్ గన్‌తో మాటు వేసే సీను ఉంది. కాగ్నీ గోడ మలుపు తిరగ్గానే, వాడి తల ఉండాల్సిన చోట రాళ్ల పెచ్చులు లేస్తాయి. అవి నిజం తూటాలు. గురి తప్పని మనిషిని పెట్టి నిజంగానే కాల్పించారు. ఇప్పుడైతే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది.

కాగ్నీకి ఇంకో సినిమా ఉంది, 1949 నాటి ‘వైట్ హీట్’. కారు డిక్కీలో బంధించినవాడు లోపల ఊపిరాడటం లేదంటాడు. కాగ్నీ కోడి కాలు కొరుక్కుంటూ వచ్చి, గాలి కావాలా అయితే, అని డిక్కీకి తూటాలతో కన్నాలు పెడతాడు. మనకి కనిపించేది డిక్కీ, కోడి కాలు, కాగ్నీ దవడలు. ఎక్కువ చెప్పనక్కర్లేదు.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇక ‘గాడ్‌ఫాదర్’ దగ్గరికి పోదాం. మీలో సగం మంది దీనికోసమే వచ్చి ఉంటారు.

1972. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక చిన్న ఇటాలియన్ హోటల్. మాఫియా పెద్ద కొడుకుల్లో చిన్నవాడు మైఖేల్, వాళ్ల నాన్నని చంపించబోయిన సొలోజో, సొలోజోకి కాపలా వచ్చిన పోలీసు కెప్టెన్ మెక్‌క్లస్కీ. పచినో, ఆల్ లెటియేరి, స్టెర్లింగ్ హేడెన్. ముందే మనకి ప్లాన్ అంతా చెప్పేశారు. మైఖేల్ నాన్న దగ్గర పనిచేసే క్లెమెంజా తుపాకీకి టేపు చుట్టి, వేలిముద్రలు పడవని చెప్పి, కావాలనే చప్పుడు ఎక్కువ ఉంచాను, పక్కనున్నవాళ్లు జడుసుకుని దూరం పోతారు అంటాడు. టాయిలెట్‌లో పాతకాలం నీళ్ల తొట్టి వెనక తుపాకీ పెట్టి ఉంటుంది. బయటికి రాగానే కాల్చెయ్, తలకి చెరో రెండు, తర్వాత తుపాకీ జారవిడిచి నడుచుకుంటూ పో. పిల్లాడికి పరీక్ష ముందు చెప్పినట్టు చెబుతారు. ఇక సస్పెన్స్ ఏముంటుంది చెప్పండి?

ఉంది. సొలోజో ఇటాలియన్‌లో మాట్లాడటం మొదలుపెడతాడు, కింద సబ్‌టైటిల్ ఇవ్వరు. అమెరికాలో సినిమా చూస్తున్నవాడికి ఆ మాటలు అర్థం కావు. మనకీ కావు. అంటే మాటలు పట్టుకుని కూర్చునే వీలు లేకుండా చేశాడు దర్శకుడు కొప్పోలా. అప్పుడు ఏం చూస్తాం? వెయిటర్ సీసా మూత లాగడం చూస్తాం. కెప్టెన్ మెడలో కట్టుకున్న నాప్కిన్ చూస్తాం. మైఖేల్ కళ్లు చూస్తాం.

మైఖేల్ టాయిలెట్‌కి వెళ్తాడు. తొట్టి వెనక చెయ్యి పెట్టి తడుముతాడు, తుపాకీ వెంటనే తగలదు. ఆ ఒక్క క్షణానికే నాకు చెమట పడుతుంది. అక్కడ ఒక రైలు చప్పుడు వినిపిస్తుంది. పైన వంతెన మీద పోయే రైలు. ఆ సీను మొత్తంలో ఎక్కడా రైలు కనబడదు, హోటల్ పక్కన పట్టాలున్నాయని ఎవరూ చెప్పరు. ఆ చప్పుడు అక్కడ పెట్టింది శబ్దాల పని చూసిన వాల్టర్ మర్చ్.

క్లెమెంజా చెప్పినట్టు బయటికి రాగానే కాల్చాలి కదా. కాల్చడు! వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు. హాల్లో జనం, "ఒరేయ్, కాల్చరా" అనుకుంటారు. నేను అలా పైకి అన్నవాళ్ల పక్కన కూర్చుని చూశాను. సొలోజో మళ్లీ మాట్లాడుతుంటాడు. కెమెరా మెల్లగా మైఖేల్ మొహం మీదికి జరుగుతుంది. రైలు మళ్లీ వస్తుంది, ఈసారి బ్రేకులు కీచుమంటూ, సొలోజో గొంతుని మింగేసేంత గట్టిగా. మైఖేల్ కళ్లు అటూ ఇటూ కదులుతుంటాయి, మాట ఒక్కటీ వినడం లేదు. ఆ చప్పుడు వాడి బుర్రలోంచి వస్తోందో బయటినుంచి వస్తోందో చెప్పలేం.

లేస్తాడు. కాలుస్తాడు. సొలోజో నుదుటి వెనక ఎర్రటి తుంపర లేస్తుంది. కెప్టెన్ ఫోర్కు సగం దూరంలో ఆగిపోయి ఉంటుంది, నోట్లో ముద్ద ఉంది. వాడికి ఏం జరిగిందో అర్థమయ్యేలోపు గొంతులో ఒకటి, తలలో ఒకటి. బల్ల బోర్లా పడుతుంది. రైలు ఆగిపోయింది, హోటలంతా సద్దుమణిగింది. మైఖేల్ బయటికి నడుస్తున్నాడు, తుపాకీ మాత్రం చేతిలోనే ఉంది! చెప్పిన పాఠంలో సగం మర్చిపోయాడు. గుమ్మం దాకా వచ్చి అప్పుడు పారేస్తాడు. అది కింద పడ్డాకగానీ సంగీతం మొదలవదు. అప్పటిదాకా సంగీత దర్శకుడు నీనో రోటాని నోరు మూయించి కూర్చోబెట్టారు. మన దగ్గరైతే టాయిలెట్ తలుపు తీసినప్పుడే డోలు మొదలవుతుంది. (నవ్వులు)

ఇక్కడ కెమెరా చంపబోయేవాడి మీద ఉంది, చూశారా. రక్తం చూపించారు, దాచిపెట్టింది ఏమీ లేదు. కానీ మనం ఆ సీను గుర్తు చేసుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ మొహం, ఆ కీచు చప్పుడు. స్టూడియో వాళ్లకి పచినో మీద నమ్మకం లేని రోజులవి, తీసేద్దామని చూస్తున్నారు. ఈ సీను చూశాక ఆ మాట ఆపేశారు.

అదే సినిమాలో మైఖేల్ అన్న సోనీని టోల్ గేటు దగ్గర చంపే సీను చాలామందికి ప్రాణం. నాకు అంత ఇష్టం లేదు, క్షమించండి. మరీ ఎక్కువ తూటాలు. అందులో నాకు నచ్చేది అర సెకను మాత్రమే. టోల్ వసూలు చేసేవాడు చిల్లర కింద పడేసి, వంగి, అద్దం మూసేసుకుంటాడు. ఆ మూసుకోవడం చూడగానే సోనీకి, మనకీ ఒకేసారి అర్థమవుతుంది. తర్వాత జరిగేదంతా లెక్క పూర్తి చేయడమే. వాళ్ల నాన్నకి ద్రోహం చేసిన డ్రైవరు పాలీని కారులో చంపడం దీనికంటే ఎన్నో రెట్లు మేలు. క్లెమెంజా మూత్రానికని కారు ఆపించి దిగుతాడు. దూరంగా రెల్లు గడ్డి, ఇంకా దూరంగా అరచేతిలో పట్టేంత స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ. కారులోంచి మూడు చప్పుళ్లు. క్లెమెంజా వెనక్కి కూడా తిరిగి చూడడు. పని చూసుకుని వచ్చి, తుపాకీ వదిలెయ్, మిఠాయి డబ్బా తీసుకో అంటాడు. ఆ కనోలీ మిఠాయి పొద్దున్న వాళ్లావిడ తెమ్మని చెప్పింది. ఆ మిఠాయి మాట రాసిన డైలాగ్ కాదు, నటుడు రిచర్డ్ కాస్టెల్లానో కలిపాడు.

1990లో స్కోర్సేసీ ‘గుడ్‌ఫెల్లాస్’లో దీన్ని ఇంకా దూరం తీసుకుపోయాడు. ముగ్గురు ఒక మనిషిని చావగొట్టి డిక్కీలో వేసుకుని, పాతిపెట్టడానికి పార కోసం అర్ధరాత్రి వాళ్లలో ఒకడైన టామీ వాళ్లమ్మ ఇంటికి వస్తారు. ఆవిడ నిద్ర లేచి, ఇంతరాత్రి వచ్చారు, తినకుండా ఎలా పోతారని వండి పెడుతుంది. ఆ వేషం స్కోర్సేసీ వాళ్లమ్మ కేథరిన్‌దే. పెళ్లెప్పుడు చేసుకుంటావురా అని కొడుకుని అడుగుతుంది, తను వేసిన కుక్కల బొమ్మ చూపిస్తుంది. టామీ ఒక కత్తి అరువడుగుతాడు. లేడిని గుద్దేశామమ్మా, కాలు బండిలో ఇరుక్కుంది, కొయ్యాలి అంటాడు. డిక్కీలో మనిషి ఇంకా బతికే ఉన్నాడు. కెమెరా మాత్రం దాదాపు అంతసేపూ ఆ ఇంట్లోనే ఉంటుంది. మన అమ్మలు కూడా అంతే కదండీ, ఎవరొచ్చినా ముందు ఆకలి సంగతే అడుగుతారు. అందుకే ఆ సీను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కడుపులో దేవినట్టూ ఉంటుంది.

మరి అన్నీ పక్కకి చూడటమేనా, తిన్నగా చూపించి మెప్పించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1967, ఆర్థర్ పెన్, ‘బానీ అండ్ క్లైడ్’. పాత హాలీవుడ్‌లో ఒక అలవాటు ఉండేది: కాల్చేవాడు ఒక షాట్‌లో, పడేవాడు ఇంకో షాట్‌లో. పెన్ ఆ గోడ తీసేశాడు. వీళ్లు బ్యాంకు దోచుకుని బయటికొచ్చేసరికి డ్రైవరు కుర్రాడు కారుని రెండు కార్ల మధ్య బుద్ధిగా పార్క్ చేసి ఉంటాడు. బయటికి రాదు. ముందుకి గుద్ది, వెనక్కి గుద్ది, హాలంతా నవ్వులు. ఈలోగా బ్యాంకు మనిషి పరిగెత్తుకొచ్చి కారు పక్క మెట్టు మీదికి ఎక్కుతాడు. క్లైడ్ అద్దంలోంచి కాలుస్తాడు. తుపాకీ, అద్దం, ఆ మనిషి మొహం, రక్తం, అన్నీ కళ్లెదుటే. నవ్వు నోట్లోనే ఉండిపోతుంది. తర్వాతి సీను ఎక్కడో తెలుసా? సినిమా హాల్లో. తెర మీద డబ్బుల పాట నడుస్తుంటే క్లైడ్ డ్రైవరుని తిడుతుంటాడు, బానీ సినిమాలో మునిగిపోయి ఉంటుంది. మనమూ అదే చేస్తున్నాం కదా అప్పుడు.

చివరి సీను మీకు తెలిసిందే. 1934 మే 23న లూసియానాలో ఒక పల్లె రోడ్డు మీద నిజం బానీ, క్లైడ్ అనే దొంగల జంటని 6గురు పోలీసులు మాటు వేసి చంపారు. సినిమాలో పొదల్లోంచి పక్షులు ఒక్కసారిగా లేస్తాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపుకి ఎంత తక్కువ టైము ఇవ్వాలో ఎడిటర్ డీడీ ఆలెన్‌కి తెలుసు. తర్వాత తూటాలు. వేర్వేరు స్పీడుల్లో నాలుగు కెమెరాలు పెట్టి తీశారు కాబట్టి కొన్ని ముక్కలు స్లో మోషన్‌లో, కొన్ని మామూలుగా. ఒళ్లు ఎగిరెగిరి పడుతుంది, జుట్టు మాత్రం మెల్లగా ఊగుతుంది. దాని తర్వాత స్లో మోషన్ పెట్టనివాడు పాపాత్ముడు. ఇవాళ మన సినిమాల్లో కత్తి దూస్తే స్లో, చొక్కా దులిపితే స్లో. పెన్ ఏ చూపు కోసం ఆ స్లో మోషన్ పెట్టాడో ఆ చూపు వదిలేసి మిగతాది పట్టుకున్నారు.

మన దగ్గర దీన్ని పట్టుకున్నవాడు 1989లో ‘శివ’ తీసిన రామ్‌గోపాల్ వర్మ. గాడ్‌ఫాదర్ మీద భక్తి ఆయన ఎప్పుడూ దాచుకోలేదు, తర్వాత ‘సర్కార్’ మొదట్లోనే చెప్పి మరీ తీశాడు. ‘శివ’లో సైకిల్ చైన్ సీను అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? నాగార్జున చైన్ లాగడం చెబుతారు. ఆ చైనుతో ఎవరిని ఎక్కడ కొట్టాడో చాలామందికి గుర్తుండదు. ఆ రోజుల్లో ఎన్ని సైకిళ్ల చైన్లు పాడయ్యాయో, షాపులవాళ్లని అడగాలి. (నవ్వులు)

సరే, టైము అయిపోతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ఒకటి రెండు ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(సభలోంచి ఒక యువకుడు: "సార్, 1983 స్కార్‌ఫేస్‌లో రంపం సీను మీ లిస్టులో లేదా?")

ఉంది బాబూ, టైముకి భయపడి దాటేశాను. డి పాల్మా తీశాడు. మయామీలో సముద్రం పక్క వీధిలో ఒక ఇరుకు బాత్రూమ్, షవర్ రాడ్డుకి కట్టేసిన స్నేహితుడు, కరెంటు రంపం. రంపం మోగగానే కెమెరా కిటికీలోంచి బయటికి వచ్చేసి కిందికి దిగుతుంది. అక్కడ ఎండలో కారు దగ్గర, పచినో వేసిన టోనీకి ఇంకో మిత్రుడు ఒక అమ్మాయితో సరసాలాడుతుంటాడు. పైన ఏం జరుగుతోందో వాడికి తెలియదు. కెమెరా మళ్లీ పైకెళ్తుంది. దాన్ని చూసి అమెరికా రేటింగ్ బోర్డు అన్నిటికంటే కఠినమైన ఎక్స్ ఇచ్చింది, అప్పీలుకి వెళ్లి దానికంటే ఒక మెట్టు తక్కువైన ఆర్ తెచ్చుకున్నారు. మనిషిని కోయడం చూశానని ఒట్టేసి చెప్పేవాళ్లని నేను కలిశాను. చూపించింది మొహం మీద చిమ్మిన రక్తం, పచినో చూపు. మిగతాది వాళ్లే తీసుకున్నారు.

(ముందు వరసలోంచి ఒక మహిళ: "గ్రేప్‌ఫ్రూట్ సీను తర్వాత చెబుతానన్నారు. ఆడవాళ్లని కొట్టే సీన్లు కూడా మీకు నచ్చిన లిస్టులో వేస్తారా?")

మంచి ప్రశ్న అడిగారు మేడమ్, నేను తప్పించుకుందామనుకున్నాను. ఆ సీను నా లిస్టులో లేదు. పొద్దున్నే టిఫిన్ బల్ల దగ్గర మే క్లార్క్ మొహాన పండు నొక్కుతాడు, లేచి పోతాడు, సీను అయిపోయింది. ఆ అమ్మాయికి తర్వాత ఏమైందో సినిమాకి పట్టదు. హాల్లో జనం నవ్వేవారు, ఇప్పటికీ నవ్వుతారు. కెమెరా అక్కడ ఇంకో పది సెకన్లు ఉండుంటే నవ్వేవాళ్లు కాదు.

దానికి జవాబు 1953లో ఫ్రిట్జ్ లాంగ్ చెప్పాడనుకుంటాను, ‘ది బిగ్ హీట్’లో. లీ మార్విన్ వేసిన విన్స్ అనే రౌడీ సలసల కాగే కాఫీ తన ప్రియురాలు డెబ్బీ మొహాన కొడతాడు. తగలడం చూపించరు, కాగుతున్న కాఫీ చూపిస్తారు, అరుపు వినిపిస్తారు. పైకి ఇదీ పాత పద్ధతే. కానీ లాంగ్ డెబ్బీని వదిలిపెట్టడు. అక్కడినుంచి సినిమా ఆవిడ వెంటే పోతుంది, సగం మొహానికి కట్టుతో. గ్లోరియా గ్రేహమ్ ఎంత బాగా చేసిందో చూడాలి మీరు. చివర్లో విన్స్ ఇంటికి రాగానే అదే కాగే కాఫీ వాడి మొహాన కొట్టి, కట్టు పీకి, కాలిన బుగ్గ వాడికి చూపిస్తుంది. అప్పుడు కెమెరా పక్కకి తిరగదు మేడమ్. వాడూ తిప్పుకోలేడు, మనమూ తిప్పుకోలేం. అది మాత్రం నా లిస్టులో ఉంది, పై వరసలోనే.